ఎండలో పెట్టిన పలకలు

ఫిజియోథెరపీలో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు, "మేడమ్, ఈ పనిలో ముందుగా ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతారు. ఎముకల పేర్లూ కండరాల పేర్లూ కాలేజీలో ఎలాగూ నేర్పుతారు. మంచం మీద మనిషికి ఏమైందో ఆ మంచం చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పడం మాత్రం ఎవరూ నేర్పరు. నా ఉద్యోగమంతా దాదాపు అదే. మిగతాదంతా చేతులు వాటంతట అవే నేర్చుకుంటాయి.

నా ప్రమోషన్ల గొడవ ఇక్కడ రాయను. అవి నాకే విసుగు. ఈమధ్య పిల్లలు ఫోన్లలో వీడియోలు చూపిస్తున్నారు. ఒకడు తలతో చెక్కలు పగలగొడతాడు, ఇంకొకడు గొంతుతో ఇనుప చువ్వ వంచుతాడు. కింద ప్రాణశక్తి అనో అంతఃశక్తి అనో రాసి ఉంటుంది. "ఇది నిజమేనా మేడమ్?" అని అడుగుతారు. నిజమా కాదా అని ఒక్క ముక్కలో తేల్చలేను. నాకు తెలిసిన ఒక కుర్రాడి గురించి చెబుతాను. జవాబు అందులోనే ఉంది.

మాలిష్‌వాలీ

మాది బాపట్ల దగ్గర ఊరు. మా ఇంట్లో ఆడవాళ్ళందరూ నర్సులే. చర్చి, ఆసుపత్రి, వంటిల్లు, ఇవే మా మూడు లోకాలు. నేనొక్కదాన్నే కాస్త పక్కకు జరిగి ఫిజియోథెరపీ చదివాను. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వల్ల ఢిల్లీ వచ్చి ఆర్.కె. పురం క్వార్టర్లలో దిగాం. నాకు జనక్‌పురి వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. రోజూ బస్సులో నిలబడి వెళ్ళి, రోజంతా నిలబడి పనిచేసి, మళ్ళీ నిలబడే ఇంటికొచ్చేదాన్ని. ఇతరుల నడుములు బాగుచేసే మనిషికి ఇంత మంచి నడుంనొప్పి ఎలా వచ్చిందని మా ఆయన వెక్కిరించేవాడు.

మా డిపార్ట్‌మెంటు బేస్‌మెంట్‌లో, బట్టలు ఉతికే యంత్రాల గది పక్కన ఉండేది. ఆ యంత్రాల చప్పుడులో పేషెంటుతో మాట్లాడాలంటే అరవాల్సి వచ్చేది. మమ్మల్ని డాక్టర్లు డాక్టర్లుగా లెక్కపెట్టేవారు కాదు, నర్సులు నర్సులుగా లెక్కపెట్టేవారు కాదు. పేషెంట్లకైతే మేం మాలిష్‌వాలీలం, ఒళ్ళు పట్టే ఆడవాళ్ళం. చాలా ఏళ్ళు ఆ మాటకు ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది.

నా పై అధికారి మిసెస్ సోధీ. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. ఆవిడ దగ్గర తిట్లు తినని వాళ్ళు ఆ డిపార్ట్‌మెంటులో లేరు. కానీ నాకు పనికొచ్చిన మాట చెప్పింది ఆవిడే. "చెడ్డ కబురు ఇంటివాళ్ళు కనిపెట్టేలోపే నువ్వు చెప్పెయ్ సుగుణా. వాళ్ళు ముందు కనిపెట్టాక నువ్వు చెబితే అది సాకులా వినిపిస్తుంది" అనేది. పై అంతస్తులో సర్జన్‌గారి పద్ధతి వేరు. ఆయన కత్తి పట్టుకుంటే దేవుడే. ఆపరేషన్ థియేటర్ బయటికొచ్చాక మాత్రం "భగవాన్ పర్ భరోసా రఖియే" అని ఇంటివాళ్ళ భుజం తట్టి వెళ్ళిపోయేవాడు. దేవుడి మీద ఆయన వదిలేసిన పనంతా బేస్‌మెంట్‌కు దిగి మా నెత్తిన పడేది. పిరికితనానికి భక్తి మంచి ముసుగు అని నాకు ఆయన్ని చూశాకే తెలిసింది.

శక్తి కారిపోయిందా?

ఆ రోజుల్లో, అంటే రెండువేల తర్వాత, ఢిల్లీలో ఏ కాలనీ పార్కు చూసినా పొద్దున్నే తెల్లబట్టలేసుకున్న పిల్లలు గాల్లో గుద్దుతూ కనిపించేవాళ్ళు. కరాటే అనో, కుంగ్‌ఫూ అనో, పురాతన భారతీయ యుద్ధకళ అనో బోర్డు ఉండేది. వాళ్ళలో కొందరు మా బేస్‌మెంట్‌కు వచ్చేవాళ్ళు. వాచిన మణికట్లు, నలిగిన వేలి కణుపులు, పట్టేసిన మెడలు.

గుర్గావ్‌లో పనిచేసే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు పక్కటెముక చిట్లించుకుని వచ్చాడు. శని, ఆదివారాల్లో ఏదో క్లాసుకు వెళ్ళేవాడట. పొట్టలో శక్తి నింపుకుంటే ఎవరు గుద్దినా తగలదని చెప్పారట. గుద్దారు, తగిలింది. వాడు నా చెవి దగ్గరికొచ్చి, "మేడమ్, ముందురోజు బిర్యానీ తిన్నా. శక్తి గిట్ల అందుకే పోయిందంటరా?" అని అడిగాడు. "నాయనా, బిర్యానీ పొట్టలోకి పోయింది, గుద్దు పక్కటెముక మీద పడింది. రెండింటికీ చుట్టరికం లేదు" అన్నాను. వాడు నవ్వబోయి నొప్పితో ఆగిపోయాడు.

నేను అన్నిటినీ కొట్టిపారేసే మనిషిని కాను. ఊపిరి బిగబట్టి వదులుతూ లేవమంటే, మామూలుగా లేవలేని ముసలావిడ లేస్తుంది. అరుస్తూ పట్టుకుంటే పిడికిలి బిగువు పెరుగుతుంది. భయం పోయిన చెయ్యి భయపడే చెయ్యి కన్నా వేగంగా వెళుతుంది. ఏళ్ళ తరబడి సాధన చేసిన మనిషి ఒళ్ళు మన ఒళ్ళులా ఉండదు. ఇవన్నీ నా చేతులతో చూసినవి. దీన్ని శక్తి అంటారా, అనుకోండి. నేను ఆదివారం చర్చికి వెళ్ళే మనిషిని, కంటికి కనిపించనిదేదీ లేదని నేనెలా అంటాను? కానీ అది చెక్కలోకి దూకి చెక్కను చీలుస్తుందంటే మాత్రం నాకు శ్రీకాంత్ గుర్తొస్తాడు.

శ్రీకాంత్

శ్రీకాంత్ వాళ్ళది రాజమండ్రి వైపు. తండ్రి రామ్మోహన్‌గారు కేంద్ర సచివాలయంలో ఆఫీసరు. వాళ్ళ క్వార్టర్ కూడా ఆర్.కె. పురంలోనే, మా సెక్టారుకు కాస్త దూరంలో. తల్లి విజయలక్ష్మిగారిని నేను అప్పటికే కూరగాయల బజారులో చూశాను, పలకరించుకునేంత పరిచయం. ఒక్కడే కొడుకు. ఢిల్లీలోనే పుట్టి పెరిగాడు. తెలుగు అర్థమయ్యేది, జవాబు హిందీలో వచ్చేది. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కు వెళ్తూ, సాయంత్రాలు ధరమ్‌వీర్ అనే గురువు దగ్గర యుద్ధకళ నేర్చుకునేవాడు.

ఆ ఏడు ఆగస్టు పదిహేనుకు ఒక కమ్యూనిటీ హాల్లో ప్రదర్శన పెట్టారు. శ్రీకాంత్ తలతో చెక్క పలకలు పగలగొట్టాలి. ప్యాకింగ్ పెట్టెలకు వాడే తేలికపాటి పలకలు, ఒకదాని మీద ఒకటి పేర్చినవి. అంతకుముందు వాడు అదే పని చాలాసార్లు చేశాడు. ఆ రోజు పలకలు పగల్లేదు. వాడి మెడ విరిగింది.

వాడు మా దగ్గరికి వచ్చేసరికి ఆపరేషన్ అయిపోయింది. సర్జన్‌గారు భుజం తట్టడం కూడా అయిపోయింది. భుజాలు కదిలేవి, మోచేతులు వంగేవి. వేళ్ళలో కదలిక లేదు, ఛాతీ కింద స్పర్శ కూడా లేదు. ఇక ఉండదు కూడా. ఆ సంగతి తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. మిసెస్ సోధీ నా వైపు చూసింది. "నీ భాషవాళ్ళు, నువ్వే చెప్పు" అంది.

వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. బతుకుతాడనీ, చక్రాల కుర్చీలో కూర్చుంటాడనీ, చెంచా చేతికి కట్టుకుని తింటాడనీ, చదువు సాగుతుందనీ చెప్పాను. నడవడు అని కూడా చెప్పాను. రామ్మోహన్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉండిపోయారు. విజయలక్ష్మిగారు మాత్రం, "ఎప్పటికీనా అండీ?" అని అడిగారు. "ఎప్పటికీ" అన్నాను. ఆ మాట నోట్లోంచి బయటకు తీయడం ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా తేలిక కాలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పాను. "కొన్ని వారాలయ్యాక కాళ్ళు వాటంతట అవే ఎగురుతాయి. దుప్పటి తగిలినా ఎగురుతాయి. అది బాగవడం కాదండీ. మెదడుతో సంబంధం తెగిపోయాక కింది నరాలు తమంత తాము కొట్టుకుంటాయి. అది చూసి ఆశపడకండి." ఆవిడ బుద్ధిగా తలూపారు. సోధీ మేడమ్ చెప్పినట్టే ముందే చెప్పాను కదా, ఇక బాధ లేదనుకున్నాను.

గురూజీ అరచెయ్యి

ధరమ్‌వీర్ రోహ్‌తక్ దగ్గర పల్లెటూరివాడు. ఒకప్పుడు కుస్తీ పట్టిన మనిషి, చెవులు నలిగి ముద్దలా ఉండేవి. ఆయన మోసగాడైతే నా పని తేలికయ్యేది. కానీ కాదు. దాదాపు రోజూ వచ్చేవాడు, శ్రీకాంత్ కింద పెట్టే బెడ్‌పాన్ కూడా తనే తీసి కడిగేవాడు. సొంత మేనమామలు కూడా అంత చేయలేదు.

అయితే వాడి చెవిలో ఆయన పోసిన విషం ఒకటుంది. "ఆ క్షణంలో నీ మనసు చలించింది బేటా. శక్తి నడుము దాటి పైకి రాలేదు" అన్నాడట. ఆయన ఓదార్పుగానే అన్నాడు. శ్రీకాంత్ దాన్ని శిక్షలా తీసుకున్నాడు. ఒకరోజు వాడి భుజాలకు వ్యాయామం చేయిస్తుంటే, పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

"ఆంటీ, గల్తీ మేరీ థీ."

"ఏం తప్పురా?"

"కోచింగ్‌లో ఒక అమ్మాయి ఉంది. ఆ రోజు పొద్దున బస్సులో తన గురించే సోచ్ రహా థా. మన్ సాఫ్ నహీ థా."

ఇరవై దాటిన కుర్రాడు బస్సులో ఒక ఆడపిల్లను తలచుకున్నందుకు తన మెడ విరిగిందని నమ్ముతున్నాడు. నడవలేకపోవడం ఒక ఎత్తు. అది తన పాపం వల్ల అనుకుంటూ బతకడం ఇంకో ఎత్తు. మొదటిదానికి నా దగ్గర మందు లేదు. రెండోదాన్ని మాత్రం వాడి మీద నుంచి తీయకుండా ఇంటికి పంపకూడదని అనుకున్నాను.

తర్వాత కొద్దిరోజులకే కాళ్ళు ఎగరడం మొదలైంది. అది ధరమ్‌వీర్ చేతి కింద మొదలవడం మా ఖర్మ. ఆయన కళ్ళు మూసుకుని, ఏదో జపిస్తూ, వాడి అరికాలికి అరచెయ్యి ఆనించాడట. కాలు మోకాలి దగ్గర ముడుచుకుని పైకి లేచింది. నేను వార్డుకు వెళ్ళేసరికి విజయలక్ష్మిగారు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తున్నారు. పక్క మంచాలవాళ్ళు కూడా దండాలు పెడుతున్నారు.

"నేను మీకు ముందే చెప్పానుగా విజయలక్ష్మిగారూ" అన్నాను.

"చెప్పారండీ. కానీ మీరు ముట్టుకున్నప్పుడు ఇంతలా లేవలేదు కదా" అన్నారావిడ. కొంచెం ఆగి, "మీ ఏసుప్రభువు కుంటివాణ్ణి నడిపించాడని మీరు నమ్మరా? మా నమ్మకం మాత్రం తప్పా?" అని అడిగారు.

అడగాల్సిన ప్రశ్నే అది. "ఆయన నడిపించాడని నమ్ముతానండీ. నేను నడిపించలేనని నాకు తెలుసు. గురూజీకి కూడా తన సంగతి తెలియాలి" అన్నాను.

వాళ్ళు అప్పటికే వాడిని డిశ్చార్జి చేయించి గురూజీ ఆశ్రమంలో పెట్టాలని మాట్లాడుకుంటున్నారు. అక్కడ బెడ్‌పాన్ కడిగేవాళ్ళు ఉంటారేమో గాని, పుండ్లు పడకుండా పక్కకు తిప్పేవాళ్ళుండరు. మరుసటి రోజు ధరమ్‌వీర్ రాగానే నేను మంచం దగ్గర నిలబడ్డాను.

"గురూజీ, శక్తి మీ చేతిలోంచి వెళుతోంది కదా. చర్మం తగలాల్సిన పని లేదు కదా?"

"లేదు దీదీ. శక్తికి చర్మం అడ్డమా?"

"అయితే ఒక్క వేలెడంత పైన పట్టుకోండి. ముట్టుకోకండి."

పాపం, ఆయన నిజాయితీగా ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట పట్టింది. పెదాలు కదులుతూనే ఉన్నాయి. కాలు మంచం మీద ఎలా ఉన్నది అలాగే ఉంది. విజయలక్ష్మిగారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అప్పుడు నేను నా బీరువా తాళంచెవితో అరికాలి మీద గీశాను. కాలు ఎగిరింది.

"హిలా క్యా?" అని శ్రీకాంత్ అడిగాడు. వాడికి తన కాలు కదిలిందో లేదో కూడా తెలియదు.

"కదిలింది నాన్నా. తాళంచెవికి కదిలింది" అన్నాను.

వర్షం పడిన వారం

ధరమ్‌వీర్ బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. నేను వెంట వెళ్ళాను. ఆయన మొహం చూస్తే పదేళ్ళు పైబడినట్టు అనిపించింది. తనంతట తనే చెప్పాడు.

వాళ్ళ గురువుగారి దగ్గర ఒక ఆచారం ఉండేదట. ప్రదర్శనకు ముందు పలకల్ని కొన్ని రోజులు ఎండలో పెట్టాలి. రెండు వైపులా తిప్పుతూ పెట్టాలి. వేలితో కొడితే కంగుమనేదాకా పెట్టాలి. అలా చేస్తే సూర్యుడి శక్తి పలకలోకి ఎక్కి, మనిషి శక్తిని గుర్తుపట్టి దారిస్తుందట. ఆ వారమంతా ఢిల్లీలో ఒకటే వాన. పలకలు హాలు వరండాలో జల్లు తగిలేచోట ఉన్నాయి. తన శిష్యులు ఎదిగినవాళ్ళనీ, సూర్యుడి అండ కొత్తవాళ్ళకేననీ అనుకుని, ఆయన మంత్రం చదివి చేత్తో తాకి ఊరుకున్నాడు.

"గురూజీ, తడి కర్ర విరగదు. వంగుతుంది. దెబ్బంతా తిరిగి మెడలోకే వెళ్తుంది. ఎండిన కర్రయితే చీలిపోతుంది. మా ఊళ్ళో పొయ్యిలో పుల్లలు విరిచిపెట్టే ఏ ఆడమనిషికైనా తెలుసు ఇది" అన్నాను.

"మా గురువు ఇలా చెప్పలేదు."

"చెప్పాడు. సూర్యుడి పేరు పెట్టి చెప్పాడు. మీరు పేరు ఉంచుకుని ఎండ వదిలేశారు."

ఆయన తల వంచుకున్నాడు. నాకు ఆయన మీద కోపం ఉంది, జాలి కూడా ఉంది. తల్లి వంటిల్లు చూసి ఉంటే ఈ మనిషికి ఆ సంగతి తెలిసేది. కుస్తీ గోదాలో పెరిగాడు, గురువు మాటే వేదమనుకున్నాడు.

"లోపల ఆ కుర్రాడు తన మనసు మురికిది కాబట్టి మెడ విరిగిందనుకుంటున్నాడు. ఆ మాట మీరు పెట్టింది. మీరే తీయాలి" అన్నాను.

"చెబితే పిల్లలెవరూ నా మాట వినరు దీదీ."

"వినకపోతే ఏం? ఒకడు విన్నందుకు ఏమైందో చూశారుగా."

మర్నాడు వచ్చాడు. తల్లిదండ్రుల ముందే, శ్రీకాంత్ తల దగ్గర నేల మీద కూర్చుని చెప్పాడు. ఆ పెద్దమనిషి అంత ధైర్యం తను తలతో పలకలు పగలగొట్టినప్పుడు కూడా చూపించి ఉండడు. "బేటా, పలకలకు నేను సూర్యశక్తి ఎక్కించలేదు. తప్పు నాది. నీ మనసు సాఫ్‌గానే ఉంది. బిల్‌కుల్ సాఫ్."

శ్రీకాంత్ ఏడ్చాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి అంతదూరం రాలేదు. నేనే తుడిచాను. తర్వాత, వాడికి స్పష్టంగా ఉండాలని, "చెక్క తడిగా ఉందిరా. అంతే. ఇంకేమీ లేదు" అన్నాను.

విజయలక్ష్మిగారు అందుకున్నారు. "రెండూ ఒకటే కదా సుగుణగారూ. మీరు తడి అంటున్నారు. ఆయన సూర్యశక్తి తక్కువైందంటున్నారు."

"ఒకటి కాదండీ" అన్నాను. ఎండలో చెక్కలోని నీరు పోతుంది తప్ప చెక్కలోకి ఏదీ రాదని వివరించాను. ఆవిడ వింటున్నట్టే ఉన్నారు. కొడుకు అన్ని వారాల తర్వాత మొదటిసారి తేలిగ్గా నిద్రపోతున్నాడు. ఆవిడ చూపంతా వాడి మీదే ఉంది. నాకూ సంతోషమే. ఆశ్రమం మాట ఆగిపోయింది. వాడు మా దగ్గరే ఉండి కుర్చీలో కూర్చోవడం నేర్చుకుని, చలికాలం మొదట్లో ఇంటికి వెళ్ళాడు.

మీకు నేను చెప్పదలచుకున్న జవాబు ఇక్కడుంది. చెక్క విషయంలో విజయలక్ష్మిగారి మాట నిజమే. సూర్యశక్తి అని ఎండలో పెట్టినా, తడి ఆరాలని పెట్టినా చెక్క ఒకేలా ఎండుతుంది, ఒకేలా పగులుతుంది. పేరు ఏదైనా పని జరుగుతుంది. అందుకే ఇన్ని తరాలుగా ఆ పేరు నిలిచింది. చిక్కు ఎక్కడంటే, తప్పు పేరు పెట్టుకున్న నిజం దాని చోట అది ఉండిపోదు. చెక్క దగ్గర నేర్చుకున్నది మనిషి దగ్గర వాడతారు.

చలికాలపు ఎండ

ఢిల్లీ చలికాలంలో ఎండ కోసం జనం ఎంత పాకులాడతారో అక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు. క్వార్టర్ల ముందు గడ్డిలో మంచాలు వేసుకుని, బత్తాయిలు ఒలుచుకుంటూ, స్వెట్టర్లు అల్లుకుంటూ కూర్చుంటారు. శ్రీకాంత్‌ను కూడా ముందున్న గడ్డిలో మడత మంచం మీద పడుకోబెట్టేవారు. నేను ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళి వ్యాయామం చేయించేదాన్ని. వాడికి ఆ ఎండ మంచే చేసింది. మొహంలో రంగు వచ్చింది. పక్క క్వార్టర్ల కుర్రాళ్ళు వచ్చి వాడితో క్రికెట్ గురించి వాదించేవాళ్ళు. వాడు నవ్వడం అక్కడే చూశాను.

ఎండలో ఉన్నాక కాళ్ళు ఇంకా ఎక్కువగా ఎగురుతున్నాయని ఒకరోజు విజయలక్ష్మిగారు అన్నారు. "అది సూర్యశక్తి కాదండీ" అని మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. చెప్పాల్సినవన్నీ చెప్పాను. వాడికి చెమట పట్టదనీ, ఒళ్ళు వేడెక్కితే చల్లబరుచుకోలేదనీ, చలి పోయాక ఎండలో పెట్టొద్దనీ. ఆవిడ చేతులకు ఉన్ని గ్లవ్స్ ఉన్నాయి, నోట్లోంచి ఆవిరి వస్తోంది. చలికాలంలో చెప్పిన వేసవి జాగ్రత్త ఎవరికి గుర్తుంటుంది? ఎండలు ముదిరాక మళ్ళీ చెప్పాను. "పొద్దున్నే కాసేపే పెడుతున్నానండీ" అన్నారు. రామ్మోహన్‌గారికీ చెప్పాను. "ఆవిడకు అదొక్కటే ఆశ అండీ" అన్నారాయన, నా మొహం చూడకుండా.

మే నెలలో ఒక పనిరోజు. బేస్‌మెంట్‌లో ఉండగా నాకు కబురొచ్చింది. క్యాజువాల్టీకి పరిగెత్తాను. శ్రీకాంత్ ఒళ్ళు కాలుతున్న పెనంలా ఉంది. మంచు పెట్టారు, తడిబట్టలు కప్పారు, చేయగలిగిందంతా చేశారు. వాడికి స్పృహ రాలేదు. సాయంత్రానికి పోయాడు.

విజయలక్ష్మిగారు గోడకు ఆనుకుని నిలబడి ఒకటే మాట అంటున్నారు. "తలకు గొడుగు పెట్టానండీ. కాళ్ళకు మాత్రమే ఎండ తగలనిచ్చాను. లోపలికి వెళ్దామా అంటే వాడే, 'థోడా ఔర్, ఇంకాసేపు అమ్మా' అన్నాడు. చెమట చుక్క కూడా పట్టలేదండీ వాడికి. అందుకే వేడి లేదనుకున్నా."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ సామెతను నేను ఎన్నోసార్లు నవ్వుతూ వాడాను. ఆ తర్వాత ఎప్పుడూ వాడలేదు.

ఆవిడ ప్రశ్న

ధరమ్‌వీర్ తలతో పగలగొట్టే ప్రదర్శనలు ఆపేశాడని విన్నాను. పిల్లలకు ఇప్పటికీ చేత్తో పలకలు కొట్టడం నేర్పుతాడట. పలకల్ని తప్పకుండా ఎండలో పెడతాడట. అంతవరకు మంచిదే. ఏ పేరుతో పెడుతున్నాడో నేను అడగలేదు.

కర్మకాండ అయిపోయాక ఒకరోజు విజయలక్ష్మిగారిని చూడడానికి వెళ్ళాను. ఎండలు తగ్గి మొదటి వాన పడింది. మడత మంచం గోడకు నిలబెట్టి ఉంది, దాని నవారు తడిసింది. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉన్నారు. నేను పక్కన కూర్చున్నాను.

"జనవరిలో పొగమంచు రోజులు ఉన్నాయి చూడండీ. చలికి భయపడి వాణ్ణి లోపలే ఉంచేశాను. అన్ని రోజులు వృథా చేశాను" అన్నారు.

ఆ మాట ఎక్కడికి వెళుతోందో నాకు అర్థమైంది.

"ఇంకాస్త ముందు నుంచీ, ఇంకాస్త ఎక్కువసేపు ఎండలో పెట్టి ఉంటే నిలబడేవాడేమో. నా చేతగానితనం వల్లే పోయాడు కదండీ సుగుణగారూ?"

జవాబు నాకు తెలుసు. చెడ్డ కబురు ఇంటివాళ్ళు కనిపెట్టేలోపే చెప్పెయ్యాలని మిసెస్ సోధీ నేర్పింది. ఉద్యోగమంతా దాన్నే పట్టుకుని బతికాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూ ఎదురుచూస్తున్నారు. ఎండ తక్కువై కాదు, ఎక్కువై పోయాడని, తన చేత్తోనే పోయాడని చెప్పడానికి నా నోరు తెరుచుకోలేదు. అది చెబితే ఆవిడ ఆ రాత్రి దాటదు.

"లేదండీ. మీరు పెట్టిన ఎండ సరిపోయింది. అంతకన్నా ఏ తల్లీ చేయలేదు" అన్నాను.

తాళంచెవితో గీసి చూపించినా, తడి కర్ర గురించి చెప్పినా, చెమట గురించి హెచ్చరించినా, నా మాట ఒక్కసారి కూడా పూర్తిగా తీసుకోని మనిషి నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, "మీరు చెబితే నిజమేనండీ" అంది.